సాదా నీళ్ల పువ్వు

పెదగుమ్మిడి ఉన్నత పాఠశాలలో దమయంతి టీచరు మీద వచ్చిన మొట్టమొదటి ఆరోపణ ఏమిటంటే, ఆమె పెట్టిన రెండు పువ్వుల్లో ఒకటి ఫెయిలయింది.

నిజానికి ఆమె కొత్తగా చేసిన నేరమేమీ లేదు. ఇరవై రెండేళ్లుగా ప్రతి కార్తీకంలోనూ చేస్తున్న పనే చేసింది. తొమ్మిదో తరగతిలో మొక్కల కణజాలాల పాఠం వస్తుంది. వేరు పీల్చిన నీరు కాండంలోని సన్నటి గొట్టాల వెంట పువ్వు దాకా ఎక్కుతుందని పుస్తకంలో రాసి ఉంది. పుస్తకంలో ఉంటే పిల్లలు బట్టీ పడతారు, కళ్లతో చూస్తే మరిచిపోరు అని దమయంతి పట్టుదల. అందుకని మధ్యాహ్న భోజనం వండే షెడ్డు వెనక తను పెంచుకుంటున్న చామంతి మడిలోంచి రెండు తెల్ల పువ్వులు పొడుగు కాడలతో కోయించింది. రెండు ఖాళీ సీసాల్లో నీళ్లు నింపింది. ఒకదాంట్లో అర బుడ్డి నీలం సిరా వంచింది. రెండోదాంట్లో ఏమీ కలపలేదు.

మర్నాటికి సిరా నీళ్లలో ఉన్న పువ్వు రేకుల అంచులకి నీలం ఎక్కింది. దగ్గరికెళ్లి చూస్తే రేకులో సన్నటి ఈనెలు గీత గీసినట్టు కనబడుతున్నాయి. పిల్లలు బల్లలెక్కి మరీ చూశారు. పక్క సీసాలో పువ్వు మాత్రం నిన్న ఎలా ఉందో అలాగే తెల్లగా ఉంది. మరి దాన్నెందుకు పెట్టారు టీచర్ అని ఒకళ్లు అడిగారు. ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలనే ఆమె ఏటా ఎదురు చూస్తుంది. "ఇది పక్కన లేకపోతే, అది మారిందని నీకెలా తెలుస్తుంది?" అంది.

ఇంతవరకూ అంతా సజావుగానే ఉంది. సరిగ్గా అప్పుడే ఉప విద్యాశాఖాధికారి వామనమూర్తి గారు తనిఖీకి వచ్చారు.

వామనమూర్తి చెడ్డవాడు కాదు. కాకపోతే ఆయనకి లోకమంతా శాతాల్లో కనబడుతుంది. ఇంట్లో కూర ఎలా ఉందని భార్య అడిగితే డెబ్బై రెండు అంటాడని ఆఫీసులో చెప్పుకుంటారు. ఆయన సీసాల ముందు నిలబడి నీలం పువ్వుని చూసి ముచ్చటపడ్డాడు. తర్వాత తెల్లదాన్ని చూసి మొహం ముడుచుకున్నాడు. మొత్తం పువ్వులెన్ని అని అడిగాడు. రెండండి అంది దమయంతి. ఆశించిన ప్రగతి సాధించినవెన్ని అన్నాడు. ఒకటండి అంది.

"అంటే యాభై శాతం," అన్నాడు వామనమూర్తి, కొంచెం బాధగానే.

ఆయన హాస్యమాడాడనుకుని దమయంతి నవ్వింది. తర్వాత జరిగినవన్నీ తలుచుకున్నప్పుడు, ఆ నవ్వు నవ్వకుండా ఉండాల్సిందని ఆమెకి చాలాసార్లు అనిపించింది. తనిఖీ పుస్తకంలో ఆయన ఇలా రాశాడు: "ప్రయోగము ప్రశంసనీయము. ఫలితము యాభై శాతము. వెనుకబడిన పుష్పముపై ప్రత్యేక శ్రద్ధ వహించవలెను."

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. వామనమూర్తి ఆ నీలం పువ్వు ఫొటో పైకి పంపాడు. పైవాళ్లు ఇంకా పైకి పంపారు. పై పైన ఎవరికో అది చాలా నచ్చింది. పది రోజులు తిరక్కుండానే ఉత్తర్వులు వచ్చాయి. "పుష్పములయందు వర్ణ పరివర్తన ద్వారా విద్యార్థులయందు శాస్త్రీయ దృక్పథమును పెంపొందించుటకై 'వర్ణోదయం' కార్యక్రమమును అన్ని పాఠశాలలయందు తక్షణమే అమలుపరచవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది" అని మొదలై ఏడు పేజీలు సాగాయి. ప్రతి బడీ రోజూ ఉదయం పదకొండు లోపు పువ్వుల ఫొటోలు యాప్‌లో ఎక్కించాలి. యాప్‌లో గడులున్నాయి. మొత్తం పువ్వులు ఎన్ని, రంగు మారినవి ఎన్ని, మారనివి ఎన్ని, మారకపోవడానికి కారణం ఏమిటి. ఆ చివరి గడిలో మన ఇష్టమొచ్చింది రాయడానికి లేదు. నొక్కితే నాలుగు కారణాలు కనబడతాయి, ఒకటి ఎంచుకోవాలి: ఉపాధ్యాయుని అశ్రద్ధ, ఉపాధ్యాయుని గైర్హాజరు, ఉపాధ్యాయుని నైపుణ్య లోపం, ఇతర ఉపాధ్యాయ సంబంధిత కారణాలు.

కావాలనే సాదా నీళ్లలో పెట్టామని చెప్పడానికి వీల్లేదు. దమయంతి ఆ నాలుగు కారణాల్నీ రెండుసార్లు చదివి, ఉన్నవాటిలో కాస్త గౌరవంగా ఉందని నాలుగోది నొక్కింది.

నెల తిరిగేసరికి మండలంలో నలభై మూడు బళ్ల జాబితా వచ్చింది. నలభై రెండు బళ్లలో ఫలితం నూటికి నూరు. పెదగుమ్మిడిలో యాభై. జాబితాలో మిగతా పేర్లన్నీ ఆకుపచ్చగా, ఈ ఒక్క పేరూ ఎర్రగా ఉంది. హెడ్మాస్టర్ సింహాద్రయ్య ఆ కాగితం చూసి కుర్చీలో జారగిలబడిపోయాడు. రిటైర్మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలుంది ఆయనకి. ఆ పద్నాలుగు నెలలూ ఎవరి నోటా తన పేరు వినబడకుండా గడిచిపోవాలన్నది ఆయన కోరిక.

దమయంతిని పిలిచి బతిమాలాడు. రెండో సీసాలో కూడా ఓ నాలుగు చుక్కల సిరా వేసేస్తే పోయేదేముంది, పువ్వుకి నొప్పా అన్నాడు. పువ్వుకి నొప్పి కాదు సార్, పాఠానికి నొప్పి అంది ఆమె. రెండూ నీలమైతే నేను పిల్లలకి చూపించేది సైన్సు కాదు, గారడీ అవుతుంది అంది. మరి మిగతా నలభై రెండు బళ్లవాళ్లూ గారడీవాళ్లా అని ఆయన అడిగాడు. ఆమె మొహం చూస్తే జవాబు తెలిసిపోతూనే ఉంది.

అప్పటికి ఆ నలభై రెండు బళ్ల సంగతి లోకానికి తెలియనిదేం కాదు. ఒక బడిలో పువ్వుల్ని సిరా బుడ్డిలో తలకిందులుగా ముంచారు. ఇంకో బడిలో డ్రాయింగ్ మాస్టారు కుంచె పట్టుకుని కూచున్నాడు. పక్క మండలంలో ఒక బడివాళ్లు ఏకంగా ప్లాస్టిక్ పువ్వులు తెచ్చి పెట్టారు. అవి నెల రోజులైనా వాడలేదు. ఎండి రాలిపోయిన పుష్పాలు శూన్యం, హాజరు నూరు శాతం అని ఆ బడికి జిల్లా స్థాయి ప్రశంసాపత్రం ఇచ్చారు.

పెదగుమ్మిడికి మాత్రం ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. రంగు మారని పువ్వుకి రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా రెమెడియల్ క్లాసు తీసుకోవాలి. దానికి వేరే హాజరు పట్టీ పెట్టాలి. బాధ్యురాలైన టీచరు పువ్వుకి ఎదురుగా కూచున్నట్టు ఫొటో పంపాలి.

యాప్‌లోని ఆ హాజరు పట్టీలో పేరు ఎక్కించే పని సింహాద్రయ్య స్వయంగా చేశాడు. విద్యార్థి పేరు దగ్గర చామంతి అని రాశాడు. పుట్టుమచ్చల దగ్గర లేవు అని రాశాడు. తండ్రి లేక సంరక్షకుని పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ గడి ఖాళీగా వదిలితే యాప్ ముందుకి కదలదు. మడి అని రాస్తే కనీసం నాలుగు అక్షరాలుండాలంది. పదకొండు కావడానికి ఇంకా రెండు నిమిషాలే ఉంది. ఆయన కళ్లు మూసుకుని తన పేరే కొట్టేశాడు.

ఆ సాయంత్రం నుంచి దమయంతి పువ్వు ముందు కూచోవడం మొదలైంది. మొదటి రోజు ఆమెకి సిగ్గేసింది, రెండో రోజు కోపమొచ్చింది. మూడో రోజు నుంచి పిల్లల నోటుపుస్తకాలు తెచ్చుకుని దిద్దుకోసాగింది. ట్యూషన్లు లేని పిల్లలు కొందరు తామూ ఆగిపోయి చుట్టూ చేరేవారు. బడి ఊడ్చే పైడమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"పువ్వుకి పైవేటేటమ్మా," అంది చివరికి. "నాను పుట్టి బుద్దెరిగాక ఇనలేదు."

నేనూ వినలేదు పైడమ్మా అని దమయంతి ఒప్పుకుంది. చామంతి ఎంత శ్రద్ధగా నీళ్లలో ఉన్నా వారం దాటితే వాడుతుంది. వాడినప్పుడల్లా పైడమ్మ మడిలోంచి ఇంకోటి తెచ్చి అదే హాజరు నంబరు మీద పెట్టేది. ఒకసారి యాప్ పట్టేసింది. ఇవాళ్టి పువ్వు మొహం నిన్నటి పువ్వు మొహంతో సరిపోలడం లేదని, ఒకరి బదులు ఒకరు హాజరవుతున్నారని సింహాద్రయ్యకి నోటీసు వచ్చింది. ఆయన దానికి మూడు పేజీల సంజాయిషీ రాసుకున్నాడు. సంరక్షకుడి హోదాలో ఆయనకి విడిగా ఇంకో నోటీసు వచ్చింది. దానికీ ఇంకో మూడు పేజీలు రాసుకున్నాడు.

సంక్రాంతి సెలవులయ్యాక పైనుంచి మరో మాట దిగింది. పువ్వుల్లో దాదాపు నూరు శాతం వచ్చేసింది కాబట్టి ఇక ఆకుల మీద దృష్టి పెట్టాలట. "ఇన్ని సంవత్సరములు గడిచినను ఆకులు ఆకుపచ్చగానే కొనసాగుచుండుట క్షేత్రస్థాయిలో ఉదాసీనతకు నిదర్శనము" అని ఉంది అందులో. వామనమూర్తి మండలమంతా తిరిగి టీచర్లకి మూడు రోజుల శిక్షణ పెట్టించాడు. శిక్షణలో ఒకాయన మైకు పట్టుకుని, మారని మొక్క అంటూ లేదు, మార్చలేని మాస్టారే ఉన్నాడు అని చెప్పి అందరిచేతా మూడుసార్లు చెప్పించాడు. శిక్షణ నుంచి వస్తూనే సింహాద్రయ్య భోజనాల షెడ్డులో పనిచేసే ఆడవాళ్ల చేత బడి ఆవరణలోని వేపచెట్టు కింది కొమ్మలకి నీలం పులిమించాడు. చెట్టు పైభాగం అందలేదు కాబట్టి అది మలి విడతలో అని నివేదిక పంపాడు.

ఇక ఆఖరి ఉత్తర్వు ఒక బుధవారం వచ్చింది. రాజధాని నుంచి విద్యాశాఖ సంచాలకులు అనసూయాదేవి గారు వచ్చే సోమవారం మండలాన్ని స్వయంగా పరిశీలిస్తారు. ఆ రోజున ఏ బడి ఆవరణలోనూ, ఏ బడికి నూరు గజాల దూరంలోనూ రంగు మారని పువ్వు కనబడరాదు. పెదగుమ్మిడి కార్యక్రమానికే మచ్చ తెచ్చింది కాబట్టి మేడమ్ గారు నేరుగా అక్కడికే వస్తారు. ఆనాటికి ఫలితం నూరు కాకపోతే బాధ్యురాలైన టీచరు అక్కడికక్కడే సస్పెన్షన్‌కి సిద్ధపడాలి. వామనమూర్తి ఆ కాగితం ముందే టైపు చేయించి తేదీ మాత్రం ఖాళీ ఉంచాడు.

దమయంతికి భయమేసింది. భయం లేనట్టు నటించే మనిషి కాదామె. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్క మెమో కూడా ఎరగదు. అన్నం సయించలేదు. నాలుగు చుక్కల సిరాకి ఇంత రభస ఎందుకు, వేసేద్దామని శుక్రవారం సాయంత్రం సిరా బుడ్డి మూత కూడా తీసింది. ఎదురుగా పిల్లలు కూచుని ఉన్నారు. ఆమె ఏం చేస్తుందా అని చూస్తున్నారు. వాళ్లు తన చేతిని చూస్తున్నారని తెలిశాక ఆ చెయ్యి ముందుకి వెళ్లలేదు. మూత పెట్టేసింది.

శనివారం చామంతి మడి పీకించేశారు. పీకింది పైడమ్మే. ఉద్యోగమమ్మా, ఏటి సేత్తాను అంటూ కళ్లొత్తుకుంటూ పీకింది. సీసాలో ఉన్న పువ్వుని కూడా పారేయబోతే సింహాద్రయ్య అడ్డం పడ్డాడు. ఆయనకి దాని మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. అది హాజరు పట్టీలో ఉన్న విద్యార్థి. పట్టీలోంచి తీసేయాలంటే టీసీ ఇవ్వాలి. టీసీకి సంరక్షకుడు ప్రధానోపాధ్యాయుడికి దరఖాస్తు చేసుకోవాలి. అంటే సింహాద్రయ్య సింహాద్రయ్యకి దరఖాస్తు పెట్టుకోవాలి, దాన్ని సింహాద్రయ్య పదిహేను రోజులు విచారించాలి. సోమవారం లోపల అదంతా అయ్యే పని కాదు. అందుకని సీసాతో సహా దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

సోమవారం సంచాలకులు వచ్చారు. బడి అంతా నీలమయం. బల్లల మీద నీలం చామంతులు, గుమ్మాలకి నీలం బంతులు, వేపచెట్టుకి నీలం ఆకులు. వామనమూర్తి శాతాలన్నీ చదివి వినిపించాడు. ఆమె ఓపిగ్గా విని, తన చేతిలోని కాగితం తిప్పింది. అది పరిశీలకుల పత్రం. అందులో మొదటి గడి ఆరంభ స్థితి.

"ఈ పువ్వులు మారకముందు ఏ రంగులో ఉండేవి?" అని అడిగింది.

తెలుపండి అన్నాడు వామనమూర్తి. తెలుపు పువ్వు ఒకటి చూపించండి, ఫొటో జతచేయాలి అంది ఆమె. వామనమూర్తి సింహాద్రయ్య వైపు చూశాడు. సింహాద్రయ్య వేపచెట్టు వైపు చూశాడు. నలభై రెండు బళ్లకీ ఫోన్లు వెళ్లాయి. ఉత్తర్వుల మేరకు తెల్ల పువ్వన్నది లేకుండా చేశామని నలభై రెండు బళ్లవాళ్లూ గర్వంగా చెప్పారు. పూల అంగడికి మనిషిని పంపితే, నూరు గజాల లోపల ఉందని దాన్ని శనివారమే మూయించేశారని తెలిసింది. తెల్లదనానికి ఆధారంగా వామనమూర్తి హెడ్మాస్టర్ చొక్కా చూపించబోయాడు గానీ దాని మీద వేపచెట్టు తాలూకు నీలం ఉంది.

"అయితే ఇవి మొదట్నించీ నీలమే కావని ఏమిటి ఆధారం?" అంది సంచాలకురాలు. "రాష్ట్రమంతటా ఇన్ని లక్షల పువ్వులు మారాయని మేం ఏ మొహం పెట్టుకుని చెబుతాం?"

దమయంతి సింహాద్రయ్య దగ్గర బీరువా తాళం చెవి అడిగి తీసుకుంది. సాదా నీళ్ల సీసా తెచ్చి నీలం పువ్వు పక్కన పెట్టింది. చామంతి కాస్త తల వాల్చింది గానీ తెల్లగానే ఉంది.

"ఇది పక్కన లేకపోతే, అది మారిందని ఎలా తెలుస్తుంది మేడమ్?" అంది. ఏటా తొమ్మిదో తరగతికి చెప్పే మాటే చెప్పింది.

సంచాలకురాలు ఆ రెండు పువ్వుల్నీ చాలాసేపు చూసింది. ఇంత సులువైన మాట తనకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదంది. దమయంతి చెయ్యి పట్టుకుని ఊపింది. వామనమూర్తి టైపు చేయించిన కాగితం నాలుగు మడతలై ఆయన జేబులోకి వెళ్లిపోయింది. ఆ రోజు దమయంతి ఇంటికెళ్లి రెండుసార్లు వడ్డించుకుని అన్నం తింది. మంచి మాట ఎప్పటికైనా చెవికెక్కుతుందని ఆమెకి సంతోషంగా ఉంది.

చెవికెక్కిన మాట ఏ రూపంలో దిగిందో పన్నెండు రోజుల తర్వాత తెలిసింది. కొత్త ఉత్తర్వు. "రంగు మారిన పుష్పములు రాష్ట్రమున అపరిమితముగా నుండి, మారని పుష్పములకు తీవ్ర కొరత ఏర్పడినందున, వర్ణోదయం స్థానే 'శ్వేతోదయం' ప్రవేశపెట్టడమైనది. ఇకమీదట పుష్పములన్నియు సాదా నీటియందే ఉంచి, రంగు మారకుండుట యందు నూరు శాతము సాధించవలెను." యాప్‌లో గడులన్నీ అలాగే ఉన్నాయి, లెక్క మాత్రం తిరగబడింది. ప్లాస్టిక్ పువ్వుల బడివాళ్లు తెల్ల ప్లాస్టిక్ తెచ్చుకుని మళ్లీ ప్రశంసాపత్రం అందుకున్నారు.

దమయంతి ఎప్పట్లాగే రెండు సీసాలు పెట్టింది. మడి పీకిన రోజున పైడమ్మ మొగ్గలున్న కొన్ని చామంతి పిలకలు కొంగులో దాచి ఇంటి దగ్గర నాటింది. ఈ రెండు పువ్వులూ వాటివే. ఒకదాంట్లో సిరా, ఒకదాంట్లో సాదా నీళ్లు. మూడో రోజున వామనమూర్తి సంతకంతో మెమో వచ్చింది. రెండు పుష్పములలో ఒకటి రంగు మారినందున ఫలితం యాభై శాతం అని, మీపై ఏల చర్య తీసుకొనరాదో మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెనని ఉంది.

ఈసారీ ఆమె నవ్వింది. మనస్ఫూర్తిగా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. అప్పుడు ఆమె ముందు తొమ్మిదో తరగతి యూనిట్ పరీక్ష పేపర్లున్నాయి. ప్రయోగంలో ఒక పువ్వుని సాదా నీళ్లలో ఎందుకు ఉంచుతాం అన్నది రెండు మార్కుల ప్రశ్న. గేదెల యామిని అనే అమ్మాయి ఇలా రాసింది: "సిరా పువ్వు ఆఫీసర్లు చూడడానికి. సాదా నీళ్ల పువ్వు మనం చూడడానికి. అది లేకపోతే ఏది మారిందో, ఏది మొదట్నించీ అంతేనో మనకి తెలీదు." దమయంతి రెండు మార్కులూ వేసి, ఆ కాగితానికి నకలు తీయించి, సంజాయిషీ జతపరచడమైనది అని పైన రాసి పంపేసింది.

రెండు రోజుల తర్వాత వామనమూర్తి ఫోను చేశాడు. కోప్పడతాడనుకుంది. ఆయన గొంతులో కోపం లేదు.

"ఆ అమ్మాయి బాగానే రాసిందమ్మా," అన్నాడు. "మిగతావాళ్లు?"

"క్లాసులో నలభై ఒక్క మందండి. మాటలు వేరైనా అందరూ అదే రాశారు. రెండు నెలలు రోజూ ఆ పువ్వుని చూశారు కదా."

"అందరూనా? అంటే నూటికి నూరు."

"నూటికి నూరండి."

అవతల ఆయన యాప్ తెరిచి పైకీ కిందకీ వెతుకుతున్నట్టు దమయంతికి తెలుస్తూనే ఉంది.

"దానికి గడి లేదమ్మా," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

దమయంతి ఫోను పెట్టేసి, రేపు పదో తరగతికి కూడా చూపించాలి, రెండు పువ్వులు కోసుకురమ్మని పైడమ్మకి చెప్పింది.